లాస్ట్‌లాగ్ 340 జీబీ, వీఎం ఇమేజ్ 500 జీబీ: స్పార్స్ ఫైళ్లు బ్యాకప్‌లో ఉబ్బకుండా ఎలా తీసుకోవాలి?

గచ్చిబౌలి_అడ్మిన్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. గచ్చిబౌలి ఆఫీసులోని రెండు లైనక్స్ సర్వర్లను రోజూ రాత్రి నాచారంలో ఉన్న బ్యాకప్ మెషీన్‌కు ఆర్‌సింక్‌తో (ఫైళ్లను కాపీ చేసే ప్రోగ్రామ్) పంపుతున్నాం. మధ్యలో ఉన్నది 100 ఎంబీపీఎస్ లింక్. మొదటిది సెంటాస్ 7, ఆర్‌సింక్ 3.1.2. ఎస్ఎస్ఎస్‌డీ (లాగిన్ సర్వీస్) ద్వారా యాక్టివ్ డైరెక్టరీకి (ఆఫీసు యూజర్ల జాబితా) కలిపి ఉంది. రెండోది డెబియన్ 12, కేవీఎం హోస్ట్, అంటే వర్చువల్ మెషీన్లను (వీఎంలను) నడిపే సర్వర్. బ్యాకప్ మెషీన్ కూడా డెబియన్ 12, 4 టీబీ డిస్క్, ఎక్స్ఎఫ్ఎస్.

సమస్యలు ఇవీ. సెంటాస్ మీద /వార్/లాగ్/లాస్ట్‌లాగ్ (ఎవరు చివరిగా ఎప్పుడు లాగిన్ అయ్యారో ఉండే ఫైల్) ‘ఎల్ఎస్’లో 340 జీబీ, ‘డ్యూ’లో కొన్ని కేబీలే. నాచారంలో మాత్రం నిజంగానే 340 జీబీ తినేసింది. అదే సర్వర్‌లో ఒక జావా అప్లికేషన్ లాగ్ ‘ఎల్ఎస్’లో 80 జీబీ, ‘డ్యూ’లో 200 ఎంబీ. కేవీఎం హోస్ట్‌లో ఒక రా ఇమేజ్‌ను (వీఎంకు డిస్క్‌గా పనిచేసే ఫైల్) 500 జీబీ పరిమాణంతో చేశాం, మొదట్లో 60 జీబీ దాకా డిస్క్ వాడేది. ఇప్పుడు గెస్ట్ (ఆ వీఎం) లోపల ‘డీఎఫ్’ 70 జీబీ అంటుంటే, హోస్ట్‌లో ‘డ్యూ’ 430 జీబీ చూపిస్తోంది.

‘--స్పార్స్’, ‘--ఇన్‌ప్లేస్’ (ఉన్న కాపీలోనే నేరుగా రాయమనేది) రెండూ కలిపి ఇస్తే సెంటాస్‌లో ఆర్‌సింక్ ఒప్పుకోవడం లేదు. ‘--స్పార్స్’ ఒక్కటే ఇస్తే స్థలం మిగులుతోంది గానీ సమయం తగ్గడం లేదు. ఎక్కడ తప్పుతోంది?

నాచారం_స్టోరేజ్

మీ చివరి వాక్యంలోనే అసలు విషయం ఉంది. స్పార్స్ ఫైల్ (మధ్యలో డిస్క్ చోటు కేటాయించని ఖాళీలు, అంటే హోల్స్ ఉన్న ఫైల్) విషయంలో స్థలం లెక్క వేరు, సమయం లెక్క వేరు. రాసే వైపు హోల్స్‌ను వదిలేస్తే స్థలం మిగులుతుంది. సమయం మిగలాలంటే చదివే వైపు ప్రోగ్రామ్ హోల్స్‌ను చదవకుండా దాటిపోవాలి. ఆర్‌సింక్ మొదటిది చేస్తుంది, రెండోది చేయదు.

ఫైల్‌కు రెండు కొలతలుంటాయి. ఒకటి ఐనోడ్‌లోని (ఫైల్ వివరాలు రాసి ఉండే చోటు) సైజు, ‘ఎల్ఎస్’ చూపేది అదే. రెండోది ఆ ఫైల్‌కు కేటాయించిన బ్లాకుల సంఖ్య, 512 బైట్ల లెక్కన. ‘డ్యూ’ చూసేది దాన్ని. ‘డ్యూ --యాపరెంట్-సైజ్’ అంటే మళ్లీ మొదటి కొలతే వస్తుంది. బ్లాక్ కేటాయించని చోటు హోల్. అక్కడ చదివితే కెర్నల్ సున్నాలు ఇస్తుంది. డిస్క్ కదలకపోయినా ఆ సున్నాలు మెమరీలో తయారై ప్రోగ్రామ్‌కు కాపీ అవుతాయి, ఆ పైన చెక్‌సమ్ కూడా వేయాలి. చదవడం ఉచితమేమీ కాదు.

హోల్ ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఫైల్ సిస్టమ్‌నే అడగడం: ‘సీక్_హోల్’, ‘సీక్_డేటా’ అని ‘ఎల్‌సీక్’కు ఇచ్చే రెండు ఆప్షన్లు. ఇవి సొలారిస్‌లో పుట్టాయి, లైనక్స్‌లోకి 3.1 కెర్నల్‌తో 2011లో వచ్చాయి. రెండోది, ఫైలంతా చదువుతూ సున్నాల వరుసలను వెతకడం. ఏ పనిముట్టు ఏ దారిలో పోతుందో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగం తేలిపోతాయి.

‘సీపీ’ మామూలుగానే ‘--స్పార్స్=ఆటో’లో ఉంటుంది. కోర్‌యుటిల్స్ 9.0 (2021) నుంచి అది సీక్_హోల్ అడిగి దాటిపోతుంది. ‘టార్ --స్పార్స్’ కూడా 1.29 (2016) నుంచి అడుగుతుంది. పాత టార్ హోల్స్ పటం వేయడానికి ఒకసారి, నిల్వ చేయడానికి ఇంకోసారి ఫైలంతా చదివేది. ఆర్‌సింక్ పంపే వైపు మాత్రం అసలు అడగదు, మొదటి బైట్ నుంచి చివరి బైట్ దాకా చదువుతుంది. అందుకునే వైపు ‘--స్పార్స్’ ఉంటేనే సున్నాలను రాయకుండా ముందుకు జరుగుతుంది. ‘ఎస్‌సీపీ’, ‘ఎస్ఎఫ్‌టీపీ’లకు హోల్ అనే ఊహే లేదు, వాటిని ఈ పనికి వాడకండి.

ఇక లాస్ట్‌లాగ్. అది యూఐడీ (యూజర్ నంబర్) సంఖ్యతో నేరుగా ఆఫ్‌సెట్ లెక్కవేసే ఫైల్. ఒక్కో రికార్డు 292 బైట్లు: సమయానికి 4, టెర్మినల్ పేరుకు 32, హోస్ట్ పేరుకు 256. ఎస్ఎస్ఎస్‌డీ యాక్టివ్ డైరెక్టరీ యూజర్లకు ఇచ్చే యూఐడీలు మామూలు సెట్టింగ్‌లో 2 లక్షల నుంచి 200 కోట్ల 2 లక్షల వరకు పోతాయి. మీ 340 జీబీని వెనక్కి లెక్కేస్తే, దాదాపు 124 కోట్ల 68 లక్షల యూఐడీ ఉన్నవాళ్లెవరో లాగిన్ అయినట్టు. 124.68 కోట్లను 292తో గుణిస్తే 36,400 కోట్ల బైట్లు, అంటే 364 జీబీ. ‘ఎల్ఎస్’ 1024 లెక్కన చూపుతుంది కాబట్టి 340 అయింది. రికార్డులున్నది కొద్ది చోట్ల, మిగతాదంతా హోల్.

ఈ 364 జీబీని కంప్రెషన్ లేకుండా 100 ఎంబీపీఎస్ మీద పంపితే, సెకనుకు 12.5 ఎంబీ పూర్తిగా దొరికినా ఎనిమిది గంటలు. రెండో రాత్రి నుంచి డెల్టా పద్ధతి (మారిన భాగాలే పంపడం) వల్ల లింక్ మీద తక్కువే పోతుంది గానీ, ఎవరు లాగిన్ అయినా ఫైల్ సమయం మారుతుంది కాబట్టి రెండు వైపులా 364 జీబీ మళ్లీ చదివి తీరాలి. మీ రాత్రులు పోతున్నది అక్కడే.

ఈ ఫైల్‌కు నా సలహా ఒక్కటే, ఆర్‌సింక్‌లో ‘--ఎక్స్‌క్లూడ్’ చేయండి. ఎవరు చివరిగా ఎప్పుడు లాగిన్ అయ్యారో ఆడిట్‌కు కావాలంటే ‘లాస్ట్‌లాగ్’ కమాండ్ అవుట్‌పుట్‌ను రోజూ ఒక టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి దాన్ని బ్యాకప్ తీసుకోండి, కొన్ని కేబీలతో పోతుంది. యుటిల్-లైనక్స్ 2.40 (2024) నుంచి వచ్చిన లాస్ట్‌లాగ్2 ఎస్‌క్యూలైట్ ఫైల్ వాడుతుంది, దాంట్లో ఈ బెడద లేదు.

‘--ఇన్‌ప్లేస్’ సంగతి: ఆర్‌సింక్ 3.1.3 కంటే పాతవి ఆ రెండు ఆప్షన్లను కలిపి తీసుకోవు. రెండు చివర్లలోనూ 3.1.3 లేదా ఆ పైది ఉండాలి. సెంటాస్‌ను ఇప్పుడే మార్చలేకపోతే ఇలా చేయండి. మొదట ‘--ఇగ్నోర్-ఎగ్జిస్టింగ్ --స్పార్స్’తో ఒక రన్. కొత్త ఫైళ్లన్నీ హోల్స్‌తో సహా దిగుతాయి. తర్వాత ‘--ఇన్‌ప్లేస్’ మాత్రమే పెట్టి రెండో రన్. అందులో మారిన బ్లాకులే రాస్తుంది, మారని చోట ఉన్న హోల్స్ జోలికి పోదు. కాకపోతే సెంటాస్ 7కు 2024 జూన్ 30తో సపోర్ట్ ఆగిపోయింది. ఈ అతుకును అతుకుగానే చూసి, సర్వర్ మార్చే పని ముందుకు తీసుకురండి.

కూకట్‌పల్లి_కేవీఎం

వీఎం ఇమేజ్ గురించి నేను చెప్తాను. పైవారు చెప్పినట్టు ఆర్‌సింక్ ఎంత బాగా సెట్ చేసినా 430 జీబీ తగ్గదు, ఎందుకంటే హోస్ట్ దృష్టిలో అవి హోల్స్ కావు. గెస్ట్ ఒక ఫైల్‌ను డిలీట్ చేస్తే తన ఫైల్ సిస్టమ్ పటంలో ‘ఖాళీ’ అని రాసుకుంటుంది, అంతే. పాత డేటా బ్లాకులు ఇమేజ్‌లో అలాగే ఉంటాయి, సున్నాలు కూడా కావు. ఆ ఖాళీ కబురు కింది దాకా చేరాలి.

వరుస ఇది. వీఎం ఎక్స్ఎంఎల్‌లో ఆ డిస్క్ డ్రైవర్ లైన్‌లో ‘డిస్కార్డ్=అన్‌మ్యాప్’ పెట్టండి. వీఎంను పూర్తిగా షట్‌డౌన్ చేసి మళ్లీ స్టార్ట్ చేయండి. గెస్ట్ లోపలి నుంచి రీబూట్ కొడితే పాత క్యూఈఎంయూ (వీఎంను నడిపే ప్రోగ్రామ్) ప్రాసెసే కొనసాగుతుంది, మార్పు పట్టదు. తర్వాత గెస్ట్‌లో ‘ఎఫ్ఎస్‌ట్రిమ్ --ఆల్ --వెర్బోస్’, ఖాళీ బ్లాకుల కబురును కిందికి పంపేది (ట్రిమ్) ఇదే. అది ఎన్ని జీబీలు ట్రిమ్ అయ్యాయో చెబుతుంది. వెంటనే హోస్ట్‌లో ‘డ్యూ’ చూస్తే 70 దగ్గరికి దిగాలి.

దిగకపోతే చూడాల్సినవి మూడు. గెస్ట్‌కు వర్ట్ఐఓ-బ్లాక్ డిస్క్ ఇచ్చి ఉంటే డిస్కార్డ్‌కు హోస్ట్‌లో క్యూఈఎంయూ 4.0, గెస్ట్‌లో కెర్నల్ 5.0 ఉండాలి. డెబియన్ 12 హోస్ట్‌తో ఇబ్బంది లేదు. గెస్ట్ పాతదైతే (సెంటాస్ 7 కెర్నల్ 3.10) డిస్క్‌ను వర్ట్ఐఓ-స్కసీకి మార్చండి. గెస్ట్‌లో లక్స్ ఎన్‌క్రిప్షన్ ఉంటే క్రిప్ట్‌ట్యాబ్‌లో ‘డిస్కార్డ్’ లేకుండా ట్రిమ్ కిందికి పోదు. మూడోది, హోస్ట్‌లో ఇమేజ్ ఉన్న ఫైల్ సిస్టమ్ పంచ్-హోల్‌ను (ఉన్న ఫైల్ మధ్యలో హోల్ చేయడం) సపోర్ట్ చేయాలి. ఎక్స్ఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4, బీటీఆర్ఎఫ్ఎస్ చేస్తాయి.

ఒకసారి దిగాక గెస్ట్‌లో ‘ఎఫ్ఎస్‌ట్రిమ్.టైమర్’ ఆన్ చేయండి, వారానికోసారి తనే చేస్తుంది. మౌంట్ ఆప్షన్‌గా ‘డిస్కార్డ్’ పెట్టడం కంటే ఇదే మేలు. ప్రతి డిలీట్‌కూ ట్రిమ్ పంపితే డిస్క్ మీద భారం.

గెస్ట్‌ను ఆపే వీలుంటే ‘వర్ట్-స్పార్సిఫై --ఇన్-ప్లేస్’ ఇంకా సులువు. వీఎం నడుస్తుండగా మాత్రం దాన్ని ముట్టుకోకండి, ఇమేజ్ పాడవుతుంది. గెస్ట్‌లో ఖాళీ అంతా సున్నాలతో నింపి, తర్వాత హోస్ట్‌లో ‘ఫాలొకేట్ --డిగ్-హోల్స్’ కొట్టే పాత పద్ధతి మీకు వద్దు. నింపేటప్పుడు ఇమేజ్ పూర్తి 500 జీబీకి ఉబ్బుతుంది. హోస్ట్‌లో అంత చోటు లేకపోతే పక్క వీఎంలు కూడా ఆగిపోతాయి.

నడుస్తున్న వీఎం ఇమేజ్‌ను నేరుగా ఆర్‌సింక్ చేస్తున్నారా? చేస్తుంటే ఆ కాపీని నమ్మలేం. ‘వర్ష్ స్నాప్‌షాట్-క్రియేట్-యాజ్’కు ‘--డిస్క్-ఓన్లీ --క్వియెస్’ ఇచ్చి (గెస్ట్ రాతలను ఆ క్షణం నిలిపేది క్వియెస్, దానికి గెస్ట్ ఏజెంట్ ఉండాలి), రాతలన్నీ కొత్త ఓవర్‌లే ఫైల్‌లోకి పోతుండగా కింది ఇమేజ్‌ను కాపీ చేసి, ‘బ్లాక్‌కమిట్ --యాక్టివ్ --పివట్’తో కలిపేయండి. ఇక్కడ ‘--ఇన్‌ప్లేస్’ లేకపోతే ఆర్‌సింక్ నాచారంలో పక్కన తాత్కాలిక ఫైల్ కట్టి చివర్లో పేరు మారుస్తుంది, అంటే ఆ కాసేపు రెండు ఇమేజ్‌ల చోటు కావాలి. ఈ హోస్ట్‌లోనూ బ్యాకప్ మెషీన్‌లోనూ ఆర్‌సింక్ కొత్తదే కాబట్టి ‘--స్పార్స్ --ఇన్‌ప్లేస్’ కలిపే వాడుకోవచ్చు.

మౌలాలి_లాగ్స్

జావా లాగ్ సంగతి ఎవ్వరూ ముట్టుకోలే, అది నేను చెప్త. 80 జీబీకి 200 ఎంబీ అంటే లాగ్‌రొటేట్‌లో (పాత లాగ్‌లను పక్కకు తీసేది) ‘కాపీట్రంకేట్’ పెట్టి ఉంటరు, అప్లికేషన్‌నేమో స్టార్ట్ స్క్రిప్ట్‌లో ఒక్క ‘>’తోటి లాగ్‌కు మళ్లించి ఉంటరు. ఈ రెండు కలిస్తే ఇదే అయితది.

ఒక్క ‘>’తోటి తెరిస్తే ప్రాసెస్ తన రాత స్థానాన్ని తనే గుర్తు పెట్టుకుంటది. లాగ్‌రొటేట్ ఫైల్‌ను కాపీ చేసి సున్నాకు కత్తిరిస్తది, కానీ ప్రాసెస్‌కు ఆ ముచ్చట తెల్వది. మళ్లీ రాసేటప్పుడు పాత స్థానం దగ్గరనే రాస్తది. ఫైల్ ముందు భాగమంత హోల్ అయితది. రొటేట్ అయిన ప్రతిసారీ ఆ హోల్ పెరుగుతనే ఉంటది. గుర్తు పట్టుడు సులువు: ఆ ఫైల్ మీద ‘గ్రెప్’ కొడితే ‘బైనరీ ఫైల్ మ్యాచెస్’ అంటది, ఎందుకంటే ముందు అన్నీ నల్ బైట్లే.

మందు ఒక్కటే, ‘>>’ పెట్టుండ్రి. అప్పుడు అపెండ్ మోడ్‌ల తెరుస్తది, ప్రతి రాతకు ముందు ఫైల్ చివర ఎక్కడుందో కెర్నల్ చూసుకుంటది. కత్తిరించినంక రాత మొదటి నుంచే మొదలైతది. ప్రాసెస్‌ను ఒక్కసారి రీస్టార్ట్ చెయ్యాలె. లాగ్‌బ్యాక్ లెక్క తనే రొటేట్ చేసే లైబ్రరీ ఉంటే అసలు కాపీట్రంకేట్ తీసేయుండ్రి, ఇద్దరు రొటేట్ చేసుడు ఎందుకు.

డాకర్ ఇమేజ్‌లు కట్టేటోళ్లకు కూడా ఒక మాట. డాకర్‌ఫైల్‌ల పెద్ద యూఐడీతోటి ‘యూజర్‌యాడ్’ చేస్తే లాస్ట్‌లాగ్, ఫెయిల్‌లాగ్ లోపల ఇట్లనే సాగుతయి, లేయర్ కట్టేటప్పుడు సున్నాలన్నీ నిజంగ రాసి డిస్క్ నిండుతది. ‘--నో-లాగ్-ఇనిట్’ ఇస్తే ఈ లొల్లి ఉండదు.

గచ్చిబౌలి_అడ్మిన్

లాగ్ విషయం అక్షరాలా అదే, స్టార్ట్ స్క్రిప్ట్‌లో ఒక్క ‘>’ ఉంది. ఎఫ్ఎస్‌ట్రిమ్ తర్వాత ఇమేజ్ 74 జీబీకి దిగింది. అందరికీ ధన్యవాదాలు. మిగిలినవి రెండు ప్రశ్నలు. ఆఫ్‌లైన్ కాపీ ఒకటి ఎక్స్‌ఫ్యాట్ యూఎస్‌బీ డిస్క్ మీద ఉండాలని పైనుంచి అడుగుతున్నారు. రెండోది, ‘--స్పార్స్’ను రూట్ మొత్తానికీ పెట్టేయవచ్చా? బ్యాకప్ మెషీన్‌లో ఇప్పటికే ఉబ్బిన పాత కాపీలను ‘ఫాలొకేట్ --డిగ్-హోల్స్’తో తగ్గించవచ్చా?

నాచారం_స్టోరేజ్

ఎక్స్‌ఫ్యాట్‌లో హోల్స్ ఉండవు, ఫ్యాట్32లోనూ ఉండవు. ఇమేజ్‌ను ఫైల్‌గా అక్కడ పెడితే 500 జీబీ 500 జీబీయే. ఆర్కైవ్‌గా పెట్టండి: ‘టార్ --క్రియేట్ --స్పార్స్ --జెడ్ఎస్‌టీడీ’. హోల్స్ పటం టార్ లోపలే ఉంటుంది కాబట్టి తిరిగి తీసేటప్పుడు ‘--స్పార్స్’ మళ్లీ ఇవ్వనక్కర్లేదు, ఎక్స్ఎఫ్ఎస్ మీదికి తీస్తే హోల్స్‌తోనే వస్తుంది. టార్ లేకుండా ఇమేజ్‌ను నేరుగా కంప్రెస్ చేస్తే సున్నాలన్నీ ముందు చదవాలి. విప్పేటప్పుడు కూడా తేడాలున్నాయి. ‘ఎక్స్‌జెడ్’, ‘జెడ్‌స్టాండర్డ్’ ఫైల్‌లోకి విప్పితే సున్నాలను హోల్స్‌గా మారుస్తాయి. ‘జీజిప్’ మార్చదు, అన్నీ రాస్తుంది.

నాచారంలోని ఉబ్బిన కాపీలకు ‘డిగ్-హోల్స్’ భేషుగ్గా పనిచేస్తుంది. ఫైల్‌లో ఉన్న సున్నాల బ్లాకులను వెతికి అక్కడే హోల్ చేస్తుంది, అదనపు చోటు అక్కర్లేదు. ఒక్కటే షరతు: ఆ సమయంలో ఆ ఫైల్‌లో ఇంకెవరూ రాయకూడదు. అది సున్నాలు చూసి హోల్ కొట్టే మధ్యలో ఎవరైనా అక్కడ డేటా రాస్తే ఆ డేటా పోతుంది. కాబట్టి బ్యాకప్ జాబ్ ఆగి ఉన్నప్పుడే చేయండి.

రూట్ మొత్తానికి ‘--స్పార్స్’ పెట్టడం నాకు ఇష్టం లేదు. సున్నాలున్న ప్రతిచోటా హోల్ ఉండాలని ఏమీ లేదు, కొన్ని ఫైళ్లలో ఆ సున్నాలు కావాలనే రాసినవి. స్వాప్ ఫైల్ తీసుకోండి. హోల్స్ ఉన్న స్వాప్ ఫైల్‌ను ‘స్వాప్ఆన్’ తిరస్కరిస్తుంది. రీస్టోర్ చేసిన సర్వర్ స్వాప్ లేకుండా లేస్తుంది, మెమరీ నిండే దాకా ఎవరికీ తెలియదు. స్వాప్ ఫైల్‌ను బ్యాకప్ నుంచే తీసేయండి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డబ్ల్యూఏఎల్ (మార్పుల లాగ్) సెగ్మెంట్లు కూడా ముందే సున్నాలతో నింపినవి, తర్వాత రాసేటప్పుడు డిస్క్ నిండిందనే కబురు మధ్యలో రాకుండా. వాటిని స్పార్స్ చేస్తే ఆ రక్షణ పోతుంది. హోల్‌లో రాయడమంటే ఆ క్షణాన కొత్త బ్లాక్ అడగడం, డిస్క్‌లో చోటు లేకపోతే ఫైల్ సైజు పెరగకపోయినా రాత విఫలమవుతుంది. అందుకని వీఎం ఇమేజ్‌ల డైరెక్టరీకి ఒక జాబ్, ‘--స్పార్స్’తో. మిగతా రూట్‌కు ఇంకోటి, అది లేకుండా.

కూకట్‌పల్లి_కేవీఎం

దీనికి ఒకటి చేర్చాలి. సర్వర్‌లో ఏయే ఫైళ్లు స్పార్స్‌గా ఉన్నాయో ముందు తెలుసుకోండి. ‘ఫైండ్’లో ‘-ప్రింట్ఎఫ్’కు ‘%ఎస్’ (పెద్ద ఎస్) ఇస్తే కేటాయించిన చోటును సైజుతో భాగించిన నిష్పత్తి వస్తుంది. ‘-ఎక్స్‌డెవ్ -టైప్ ఎఫ్ -సైజ్ +100ఎం’ పెట్టి, 0.5 కంటే తక్కువ వచ్చినవి చూడండి. జెడ్ఎఫ్ఎస్ మీద ఈ నిష్పత్తిని నమ్మకండి. అక్కడ కంప్రెషన్ ఆన్‌లో ఉంటే హోల్ ఒక్కటీ లేకపోయినా ‘డ్యూ’ తక్కువ చూపిస్తుంది.

ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ ఫైల్ షేరింగ్) మీదుగా తీసుకునేవాళ్లకు: వెర్షన్ 3లో హోల్ ఎక్కడుందో చెప్పే ఏర్పాటే లేదు, చదివితే సున్నాలన్నీ కేబుల్ మీద వస్తాయి. 4.2లో (2016 నాటి ప్రమాణం) సీక్, డీఅలొకేట్ ఉన్నాయి. మౌంట్‌లో ‘వర్స్=4.2’ ఇవ్వండి. సర్వర్ కూడా దాన్ని ఇస్తోందో లేదో చూడండి.

మౌలాలి_లాగ్స్

మా దగ్గర ఆర్‌సింక్ లేదు, రెస్టిక్, బోర్గ్ వాడుతున్నం. వాటికి ఎట్ల?

నాచారం_స్టోరేజ్

రెస్టిక్ బ్యాకప్ తీసేటప్పుడు హోల్స్‌ను సున్నాలుగానే చదువుతుంది. డీడూప్లికేషన్ (ఒకేలా ఉన్న ముక్కలను ఒక్కసారే దాచడం) వల్ల రిపాజిటరీ పెరగదు గానీ చదివే సమయం తప్పదు. రీస్టోర్‌లో 0.15 నుంచి ‘--స్పార్స్’ ఉంది, అది ఇవ్వకపోతే మొత్తం రాసేస్తుంది. బోర్గ్ 1.2లో ‘క్రియేట్’కూ ‘--స్పార్స్’ వచ్చింది, కాకపోతే ఫిక్స్‌డ్ చంకర్‌తోనే (ఫైల్‌ను సమాన ముక్కలుగా విడగొట్టేది) పనిచేస్తుంది. ‘--చంకర్-పారమ్స్=ఫిక్స్‌డ్,4194304’ లాగా ఇవ్వాలి, వీఎం ఇమేజ్‌లకు అది ఎలాగూ నప్పుతుంది. ‘ఎక్స్‌ట్రాక్ట్’లోనూ ‘--స్పార్స్’ ఇవ్వడం మరవకండి.

ఏ పనిముట్టయినా సరే, డాక్యుమెంటేషన్ చదివి వదిలేయకుండా ఒకసారి పరీక్షించండి. పది నిమిషాల పని. ‘ట్రంకేట్ --సైజ్=10జీ పరీక్ష’ అంటే 10 జీబీ ఫైల్ వస్తుంది, ‘డ్యూ’లో సున్నా. దాని నడుమ 1 ఎంబీ డేటా పెట్టండి: ‘డీడీ’కి ఇన్‌పుట్‌గా /డెవ్/యూర్యాండమ్, ‘బీఎస్=1ఎం కౌంట్=1 సీక్=5000 కాన్వ్=నోట్రంక్’. నోట్రంక్ మర్చిపోతే ఫైల్ అక్కడికే తెగిపోతుంది. ఇప్పుడు ‘డ్యూ’లో 1 ఎంబీ. బ్యాకప్ తీసి, వేరే డైరెక్టరీలోకి రీస్టోర్ చేయండి. రెండింటి ‘షా256సమ్’ ఒకటే రావాలి, ‘డ్యూ’ 1 ఎంబీ దగ్గర ఉండాలి. చెక్‌సమ్ కలిసి ‘డ్యూ’ 10 జీబీ చూపిస్తే మీ రాసే వైపు హోల్స్ వదలడం లేదు. ‘డ్యూ’ సరిగ్గా ఉండి బ్యాకప్‌కు మాత్రం ఎక్కువసేపు పడితే చదివే వైపు సున్నాలను చదువుతోంది. చెక్‌సమ్ తేడా వస్తే ఆ పనిముట్టును ఆ రోజే పక్కన పెట్టండి.